ధ్రువనగరం బొడ్రాయి

"మూడుమీద పది నిమిషాలైంది. ఐదు కొట్టంగనే పీరయ్యను మేజిస్ట్రేట్ ముందట నిలవెడ్త. అప్పటిదాంక మీ ఇష్టం, దమయంతి మేడం."

ఇన్‌స్పెక్టర్ ఇంద్రసేన తన చేతిగడియారాన్ని ఆమె ముక్కు దగ్గరకు తెచ్చి చూపించి, హాలు మెట్లమీద కుర్చీ వేయించుకుని కూలబడ్డాడు. ఆ కుర్చీ ఆయన్ని మోస్తుందా లేదా అని చూసుకోకుండా కూర్చోవడం ఆయన అలవాటు. కేసులు మూసేటప్పుడూ అంతే. ఆయన మూసిన ఫైళ్ళను రెండేళ్ళలో మూడుసార్లు దమయంతి మళ్ళీ తెరిపించింది. అందుకే ఆమెను చూస్తే ఆయనకు కాఫీ చేదవుతుంది.

దమయంతికి యాభై రెండేళ్ళు. చిక్కడపల్లిలో చీరల కొట్టు మేడమీద ఆమె డిటెక్టివ్ ఆఫీసు. మోకాళ్ళు నొప్పులు, నాలుక పదును. ఈ కేసు ఆమెకు పొద్దున ఏడింటికి ఫోన్లో వచ్చింది. చేసింది విజయశ్రీ, ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడివున్న విశ్వేశ్వరరావుగారి ఒక్కగానొక్క కూతురు. "నాన్న మూలపటం పోయింది. ఇత్తడి గొట్టంలో ఉంటది. ముందు అది దొరకాలె మేడం, దొంగ సంగతి తర్వాత" అంది. తండ్రి తల పగిలి పడివుంటే పటం గురించి ఆరా తీసే కూతురు దమయంతికి కొంచెం వింతగానే తోచింది. కానీ ఆందోళనలో మనుషులు ఏవేవో మాట్లాడతారులే అని ఊరుకుంది.

విశ్వేశ్వరరావు ఆర్కిటెక్టు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ఉండేది అశోక్ నగర్‌లో. నారాయణగూడలో మూతబడ్డ ఈ ఫంక్షన్ హాలును కిరాయికి తీసుకుని, ఆ మూలపటం చూసి లోపల ధ్రువనగరం అనే ఊరికి నమూనా కట్టిస్తున్నాడు. శాస్త్ర పరిశోధనకూ కళలకూ మాత్రమే అంకితమైన నగరం. బయట ఎక్కడో బీడు భూముల్లో దాన్ని నిజంగా కట్టాలని ఆయన కల. శుక్రవారం, అంటే రేపు, పెద్దల సభలో ఆ నమూనాను చూపించాలి. నిన్న, బుధవారం రాత్రి ఏడుంపావుకు ఆయన నమూనా బల్ల కింద రక్తపు మడుగులో దొరికాడు. చూసి కేకలు పెట్టింది పీరయ్య. పక్కన పడివున్న సుత్తీ ఉలీ కూడా పీరయ్యవే. ఇంద్రసేనకు అంతకంటే ఏం కావాలి?

పీరయ్య పాలమూరు మేస్త్రి. కవాడిగూడ బస్తీలో భార్య బుగ్గమ్మతో ఉంటాడు. నమూనాకు సున్నంపని, ఇటుకపని మొత్తం రెండేళ్ళుగా అతనే చేశాడు. ఇప్పుడు చేతులకు బేడీలతో గోడకానుకుని కూర్చున్నాడు. బుగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అతని పక్కనే ఉంది.

దమయంతి వాళ్ళ ముందు మెట్టుమీదే చతికిలబడింది.

"పీరయ్యా, నిన్న ఎన్నింటికొచ్చినవ్?"

"ఏడు దాటినంక అమ్మా. నా తమ్ముని బిడ్డ లగ్గమైంది మొన్న శుక్రారం. సారుకు లడ్డూలిద్దామని వచ్చిన. బేస్తారం రాత్రికే ఊరికి పోయినం, నిన్న పగటాల్ల బస్సు దిగినం."

"తలుపుకు గొళ్ళెం పెట్టి ఉండెనా?"

"లేదమ్మా, దగ్గరికేసి ఉండె. లోపట లైట్లు ఎలుగుతున్నయి. సారూ సారూ అంటే పలుకలే. బల్ల కింద కాళ్ళు కనవడ్డయి."

"సారు కాళ్ళు కనవడ్డయి. మరి బల్లమీద, ఊరు నడిమిట్ల పగులగొట్టి ఉన్నదంట. అది చూసినవా?"

పీరయ్య తల వాలిపోయింది. "సారును లేపుదామని బల్ల కిందికి దూరి లేస్తే కనవడ్డది."

"అక్కడ ఏముండె?"

పీరయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"పీరయ్యా, ఐదింటికి నిన్ను తీస్కపోతరు. చెప్పకుంటే నేను నీకేం చెయ్యలేను."

"సారు లేచినంక సారుకే చెప్త అమ్మా. ఇంకెవ్వరికి చెప్ప. నన్నడగకుండ్రి."

"నోరు దెరువయ్యా!" అని బుగ్గమ్మ ఏడ్చింది.

ఇంద్రసేన కుర్చీలోంచే నవ్వాడు. "చూసిండ్రా? నేను పొద్దుగాల సంది అడుగుతున్న, ఇదే పాట. ముసలాయన ఎప్పుడూ అంటుంటడట, 'నా మూలపటం ఊరి నడిబొడ్డున ఉంది' అని. ఈయన విన్నడు. నిన్న సాయంత్రం నడిబొడ్డు పగులగొట్టిండు. ముసలాయన చూసిండు, ఈయన కొట్టిండు. దీంట్ల డిటెక్టివ్ పనేముంది?"

"పగులగొట్టింది నిన్న సాయంత్రమే అని ఎట్ల తెలుసు మీకు?"

"ఆరింటిదాంక మంచిగనే ఉండెనని రాజీవ్ రాసిచ్చిండు." ఇంద్రసేన కాగితం తీసి చదివాడు. "'ఆరు గంటలకు వెళ్ళేముందు నేను నమూనా బల్ల నడుమ వదిలిన కంతలో నిలబడి భవనాలన్నీ తుడిచాను. నమూనాలోని సరస్సు నీళ్ళతో నిండుగా ఉంది.' సంతకం, తారీకు. ఆరున్నర నుంచి ఎనిమిదిదాంక ఆయన అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల పాఠం చెప్తుండె. రెండొందల మంది చూసిండ్రు."

రాజీవ్, విశ్వేశ్వరరావు దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న శిష్యుడు. ముప్ఫై దాటినవాడు, నెమ్మదస్తుడు. గేటు దగ్గర కానిస్టేబుళ్ళకు మంచినీళ్ళ సీసాలు అందిస్తూ కనిపించాడు.

"మీరు ఆ కంతలకు పోయి చూసిండ్రా?" అని అడిగింది దమయంతి.

ఇంద్రసేన తన పొట్టవైపు ఒకసారి చూసుకున్నాడు. "కానిస్టేబుల్ కర్రకు ఫోను కట్టి ఫొటో తీసిండు. సాలదా?"

ఆమె లోపలికి నడిచింది.

నడిచి, నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

పెళ్ళిమండపం ఉండాల్సిన చోట ఒక ఊరు ఉంది. ఇరవై నాలుగడుగుల పొడవు, పద్ధెనిమిదడుగుల వెడల్పు, నడుమెత్తు చెక్క బల్లలమీద. పైకప్పులో అమర్చిన గాజురేకుల్లోంచి ఎండ దానిమీద పడి, వేలెడంత ఇళ్ళకు వేలెడంత నీడలు వేస్తోంది. ప్రయోగశాలలు వరసలు తీరి ఉన్నాయి. ప్రతి రెండు ప్రయోగశాలల మధ్య ఒక సంగీతశాలో చిత్రశాలో ఉంది. సూక్ష్మజీవుల్ని చూసి అలసిన మనిషి కిటికీ తీస్తే వీణ వినపడాలన్నది గీసినవాళ్ళ ఆలోచన కాబోలు. వీధులన్నీ నడకకే. బజారుకు వెళ్ళే దారి గ్రంథాలయం లోపలినుంచే పోతుంది, కూరగాయలకు పోయేవాడు కూడా పుస్తకాల మధ్యనుంచే పోవాలి. దమయంతి జీవితంలో చాలా శవాల్ని, చాలా అబద్ధాల్ని చూసింది. ఇలాంటిది చూడలేదు. ఇంత అందమైన దాని కింద ఒక మనిషి తలను ఎవరో పగులగొట్టారన్న మాటే ఆమెకు కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత మోకాళ్ళను తిట్టుకుంటూ బల్ల కిందకు దూరింది.

నమూనా అంచుల్లో నిలబడితే చెయ్యి నడిమధ్యకు అందదు. అందుకని పనివాళ్ళు బల్ల కింద పాక్కుంటూ వెళ్ళి, నడుమ వదిలిన రెండడుగుల కంతలో లేచి నిలబడి పనిచేస్తారు. రక్తపు మరక ఆ కంత కిందే ఉంది. దాన్ని తప్పించుకుని దమయంతి మెల్లగా నిటారుగా లేచింది.

ఊరు ఆమె చుట్టూ లేచింది. ఇప్పుడు ఆమె ధ్రువనగరం నడిబొడ్డున ఉంది. ఒకవైపు నాటకశాల, ఒకవైపు గ్రంథాలయం, ఎదురుగా నక్షత్రశాల గోపురం. ఈ మూడూ మిగతా కట్టడాల కంటే ఎత్తు కాబట్టి, వాటి మధ్యనున్న చౌకు బయటినుంచి చూసేవాళ్ళకు కనిపించదు. చౌకులో పళ్ళెమంత సరస్సు. దాని గట్టు ఒకచోట పగిలి ఉంది, నీళ్ళు లేవు. పగిలినచోట జానెడు ఇటుక గూడు నోరు తెరుచుకుని ఉంది. పక్కన బొటనవేలంత రాయి పడివుంది, దానిమీద పసుపూ కుంకుమా అంటి ఉన్నాయి. గూటి చుట్టూ పచ్చగా పచ్చిక. ఫొటోలో ఇంద్రసేన చూసింది ఇదే. నమూనాలో చెట్లన్నీ స్పంజిముక్కలే, ఇదీ అలాంటి తోటే అనుకుని ఉంటాడు.

దమయంతి అలవాటు ప్రకారం వేలితో తాకి చూసింది. వేలు తడిసింది. పచ్చిక వంగి, మళ్ళీ లేచింది.

అది స్పంజి కాదు. ప్రాణమున్న మొక్కలు!

ఆర్కిటెక్టు రెండేళ్ళుగా కట్టిన ఉత్తుత్తి నగరంలో, నడిబొడ్డున, నిజమైన పైరు మొలిచింది. జొన్న, గోధుమ, పెసర అని ఆకుల్ని బట్టి తెలుస్తూనే ఉంది. అన్నీ నాలుగు వేళ్ళ ఎత్తున, ఆకుపచ్చగా, గాజురేకుల వెలుగువైపు మెడ చాపి ఉన్నాయి.

"బుగ్గమ్మను లోపలికి పంపుండ్రి!" అని అక్కడినుంచే కేక పెట్టింది.

బుగ్గమ్మ బక్కపల్చటి మనిషి. క్షణంలో పాక్కుంటూ వచ్చి దమయంతి పక్కన ఇరుక్కుని నిలబడింది. మొలకల్ని చూడగానే రెండు చేతులూ జోడించింది.

"అయ్యో తల్లీ, మొలిచినయా!"

"ఇవి నీ గింజలేనా?"

"నేనే కొంగుకు కట్టిచ్చిన. తొమ్మిది దినుసులు."

"ఎన్నొద్దుల మొలకలివి, చెప్పగలవా?"

బుగ్గమ్మ ఒక జొన్నమొలకను వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. "గింజకు నీళ్ళు తగిలి ఆరొద్దులైతది అమ్మా. ఒక్కటి అటో ఇటో. లగ్గానికి మేం మొలకలు పోస్తం గద, నాకు తెల్వదా? కాని అవి చీకట్ల పెడ్తం, పసుపు రంగుంటయి. ఇవి ఆకుపచ్చగున్నయి. మొదటి సంది వెలుతురు తాకినట్టే. మూత తీసే ఉంది."

దమయంతి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇవాళ గురువారం. ఆరు రోజులు వెనక్కు వెళితే శుక్రవారం. ఆ శుక్రవారం పొద్దునే విశ్వేశ్వరరావుకు కంటి ఆపరేషన్ అయిందని ఆస్పత్రి నర్సు ఇవాళ ఫోన్లో చెప్పింది. మంగళవారం దాకా ఆయన కళ్ళకు గంతలతో ఇంట్లోనే ఉన్నాడు. గట్టు పగిలిన క్షణంలోనే సరస్సు నీళ్ళు గూట్లోకి జారాయి, ఆ క్షణంలోనే గింజలు తడిశాయి. పగులగొట్టినవాడు తన చేత్తోనే ఒక గడియారానికి కీ ఇచ్చి వెళ్ళాడు. ఆ సంగతి పాపం వాడికి తెలియదు.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి మూడు ముప్పావు. బుగ్గమ్మ మొగుడి ముందు నిలబడి, "మొలకలు మేడం చూసిందయ్యా! ఇంక దాచేదేముంది? చెప్పు!" అంది.

పీరయ్య కళ్ళు నీళ్ళతో నిండాయి. అప్పుడు నోరు తెరిచాడు.

"బొడ్రాయి అమ్మా. ఊరంటే బొడ్రాయి ఉండాలె గద. గుడిసెలేసుకునే తండాకు గూడ ఉంటది. ఇంత పెద్ద ఊరు, ఇంతమంది చదువుకున్నోళ్ళుండే ఊరు, బొడ్రాయి లేకుండ ఎట్ల నిలవడ్తది? సారేమో మొదటి రోజే ఒట్టేయించుకున్నడు. ఇది సైన్సు ఊరు పీరయ్యా, ఇందుల నిమ్మకాయ, మిరపకాయ కనవడొద్దన్నడు. సరే సారూ అన్న. అని, సారు లేనప్పుడు నడిమిట్ల గూడు కట్టి, నవధాన్యాలు పోసి రాయి నిలవెట్టిన. మాటిచ్చి తప్పిన అమ్మా. అది సారు నా నోటితోనె వినాలె. పోలీసోళ్ళ నోటితోని వింటే ఆయన మనసు ఇరుగుతది."

జైలుకైనా పోతానుగానీ సారుకు చెప్పకముందు ఇంకొకరికి చెప్పనని కూర్చున్న మనిషి! దమయంతికి కళ్ళు చెమర్చాయి. ఆ ఊరిని బొమ్మ అనుకోకుండా నిజంగా ఊరనే నమ్మినవాడు వీడొక్కడేనేమో అనిపించింది.

"గడ్డి మొలిచిందని కేసు ఇడిసిపెట్టాల్నా?" ఇంద్రసేన మొహం జేవురించింది. "ఐదింటికి మేజిస్ట్రేట్‌గారికి ఏం చూపియ్యాలె, పెసర మొలకలా?"

"అవే చూపియ్యండి. పక్కన ఇది గూడ పెట్టండి." దమయంతి పీరయ్య ఫోను తీసి ఇంద్రసేన ముందు పెట్టింది. పెళ్ళి బరాత్ వీడియో. డప్పుల ముందు తలకు రుమాలు చుట్టుకుని పీరయ్య చిందులేస్తున్నాడు. తేదీ శుక్రవారం, సమయం పగలు మూడున్నర, ఊరు ఇక్కడికి నూటపది కిలోమీటర్లు. "శుక్రవారం పగిలిన దాన్ని బుధవారం పగిలిందని మీరు రాసుకున్నరు. శుక్రవారం పీరయ్య ఊళ్ళె లేడు. ఇంకా బేడీలెందుకు?"

"సుత్తి ఈయనది గద?"

"పనిముట్ల సంచి రెండేళ్ళ సంది హాల్లోనే పడుంటది. ఎవరన్న తియ్యొచ్చు."

"మరైతే ఎవరు?"

"ముందు నాకు దొంగ వద్దు ఇన్‌స్పెక్టర్ గారూ. అబద్ధం చెప్పినోళ్ళు కావాలె. ఆరొద్దుల కింద ఎండిన సరస్సును నిన్న సాయంత్రం ఆరింటికి నిండుగ చూసిన మనిషిని పిలువుండ్రి."

ఇంద్రసేన చేతిలోని కాగితం వైపు చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు. తాను పప్పులో కాలేశానని ఆయనకు అర్థమైన సంగతి మొహంమీద తెలిసిపోతూనే ఉంది. అయినా గట్టిగానే పిలిచాడు. "రాజీవ్! ఇటు రా."

రాజీవ్ నీళ్ళసీసాతోనే వచ్చాడు.

"నిన్న కంతలో నిలబడి భవనాలు తుడిచినవా?" అంది దమయంతి.

"అవును మేడం."

"నాటకశాల తుడిచినవా?"

"తుడిచిన."

"నక్షత్రశాల?"

"అన్నీ తుడిచిన మేడం."

"సరస్సు గట్టుమీద జొన్న మొలిచింది. అది కనబడలేదా?"

రాజీవ్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. "జొన్నేంది మేడం?"

"శుక్రవారం నువ్వు పగులగొట్టిన గూట్లో గింజలుండె. పనికిరానివని వదిలేసినవ్. నీళ్ళు తగిలి మొలిచినయి. నాలుగు వేళ్ళెత్తు పెరిగినయి. నిన్న నువ్వు ఆ కంతలకు పోనేలేదు. పోయుంటే చూసేటోనివి. పీరయ్య మెడకు చుట్టడానికే కూర్చోని రాసినవ్ ఈ కాగితం."

రాజీవ్ చేతిలోంచి సీసా జారి మెట్లమీద దొర్లింది. అతను వెళ్ళి పీరయ్య కూర్చున్న గోడకే ఆనుకుని కూర్చుండిపోయాడు.

"నేను సార్‌ను కొట్టలేదు మేడం. దేవునిమీద ఒట్టు."

"కొట్టలేదని తెలుసు. ఆరున్నరకు క్లాసులో ఉన్నవ్. మరి ఎవరి కోసం పగులగొట్టినవ్?"

"పటం కోసం. నడిబొడ్డున అని సార్ అంటుండె గద, తట్టి చూస్తే ఒకచోట బోలుగ వినవడ్డది. తవ్వితే గింజలు తప్ప ఏం లేవు."

"ఎవరి కోసమని అడిగిన."

అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. "విజయశ్రీ మేడం అడిగింది."

దమయంతికి పొద్దున ఏడింటి ఫోను మళ్ళీ చెవిలో వినపడింది. ముందు పటం, దొంగ సంగతి తర్వాత. తనను పిలిచింది దొంగను పట్టడానికి కాదన్నమాట. పటాన్ని వెతికిపెట్టడానికి.

"నిన్న ఆరింటికి నువ్వు తలుపు గొళ్ళెం పెట్టకుండ ఎందుకు పోయినవ్?"

"మేడమే అట్ల పొమ్మన్నది. ఆరు దాటినంక నాన్న వస్తడు, ఆయనతోని ఒంటరిగ మాట్లాడాలె, ఇంట్ల ఆయన వినడు, ఇక్కడైతే వింటడు అన్నది. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి, సరస్సు సంగతి ఎవరన్న అడిగితే ఆరింటిదాంక బాగుండె అని చెప్పుమన్నది. నేను భయపడ్డ మేడం. పగులగొట్టింది నేనే గద."

"కన్నతండ్రి పటం కూతురికి దొంగతనంగ ఎందుకు?"

రాజీవ్ తలెత్తాడు. హాలు తలుపులోంచి లోపల ఎండలో వెలుగుతున్న ఊరు కనబడుతోంది. అతను దానివైపు చెయ్యి చూపించాడు.

"ఎందుకంటే ఆ పటంమీద పేరు సార్‌ది కాదు మేడం. బాలత్రిపురసుందరి గారిది, విజయశ్రీ మేడం వాళ్ళమ్మది. ఇదంత గీసింది ఆమె. ఆమె పోయి ఇరవై రెండేళ్ళు. సార్ కట్టించిండు, అంతే. రేపు సభలో తన పేరుమీద చూపిస్తున్నడు. అమ్మ పేరున్న కాగితం అదొక్కటే మిగిలింది. అది సార్ దాచిండు."

దమయంతి వెనక్కి తిరిగి ఆ నగరాన్ని మళ్ళీ చూసింది. పుస్తకాల మధ్యనుంచి కూరగాయల బజారుకు దారి. ప్రయోగశాల కిటికీ పక్కన వీణ. కూరగాయలూ తెచ్చి, పుస్తకాలూ చదివి, పాటకూ పరిశోధనకూ రోజులో చోటు దొరక్క వెతుక్కున్న ఒక ఆడమనిషి గీసిన ఊరు అది. ఇంతసేపూ ఆ సంగతి తనకెందుకు తట్టలేదో అని ఆమెకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊరంతా ఒక పేరును దాచుకుని ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. కూతురి కోపం ఆమెకు అర్థమైంది. అర్థమైనకొద్దీ భయం పుట్టింది. ఆ తండ్రి కళ్ళు తెరిస్తే తనను కొట్టిందెవరో చెప్పేస్తాడు.

"సారు దగ్గర ఇప్పుడు ఎవరున్నరు?" అని అడిగింది ఇంద్రసేనను.

"ఎవరుంటరు? కూతురే."

దమయంతి అప్పటికే హైదర్‌గూడలోని ఆస్పత్రికి ఫోను కలిపింది. రెండో అంతస్తు నర్సు పేరు నర్మద. పొద్దున మాట్లాడిన గొంతే.

"నర్మదా, విశ్వేశ్వరరావు గారు ఎట్లున్నరు?"

"కండ్లు తెరిచిండు మేడం! పావుగంటైంది. మాట గూడ వస్తున్నది."

"ఇన్‌స్పెక్టర్‌కు ఎందుకు చెప్పలే?"

"చెయ్యబోయిన మేడం. వాళ్ళమ్మాయి, నేను చేస్తలే, నువ్ జర బయట ఉండు అన్నది. ఏదో పటం గురించి అడిగింది, ఆయన అడ్డంగ తలూపిండు. తర్వాత లోపట్నుంచి గడియ పెట్టుకున్నది."

"పోయి తలుపు కొట్టు. ఫోన్ పెట్టెయ్యకు. సెక్యూరిటీని పిలువు. పో!"

ఇంద్రసేనకు చెప్పాల్సిన పనిలేకపోయింది. ఆయన లేచిన ఊపుకు కుర్చీ వెనక్కు పడింది. "బేడీలు తియ్‌రా!" అని కానిస్టేబుల్ మీద అరుస్తూ, ఈ ఉద్యోగంలో చేరాక ఎన్నడూ పరుగెత్తనంత వేగంగా జీపు దగ్గరకు పరుగెత్తాడు. చేతులు విడిపించుకున్న పీరయ్య ఇంటివైపు కాకుండా ఆయన వెనకాలే ఉరికి జీపు పట్టుకున్నాడు.

"నేను గూడ వస్త సారూ. మా సారుకు నేను చెప్పాల్సింది ఉన్నది."

ఎవరూ వద్దనలేదు. దమయంతి ఫోను చెవికి నొక్కిపట్టుకుని ఎక్కి కూర్చుంది. జీపు కదిలింది. ఆ చివర నర్మద తలుపు బాదుతున్న చప్పుడు వినబడుతోంది. మొదట వేళ్ళతో, తర్వాత అరచేతులతో, ఆ తర్వాత ఇంకెవరో వచ్చి భుజంతో.

"తీస్తలేదు మేడం" అంది నర్మద. "లోపట గుండె మిషన్ సప్పుడు గూడ ఆగిపోయింది."